పద్దెనిమిదో అర్జీ

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరాలేమిటి, ఫోన్ చెయ్యొచ్చు కదా అని మళ్ళీ రాశావు. నలభై ఏళ్ళు అలారం గంటల మధ్య కూర్చున్న చెవులు నావి. ఫోన్లో నీ మాట సగమే అందుతుంది. ఆ సగానికి నేను పూర్తి జవాబు చెప్తాను. తర్వాత ఇద్దరం నెల్లాళ్ళు మాట్లాడుకోం. ఉత్తరమే నయం.

మన వాచీ రిపేరు కొట్లో బేరాలు మందకొడిగా ఉన్నాయి. బస్టాపు మన గుమ్మం ముందు ఉన్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు వాచీ చూసుకునేవాళ్ళు, అది ఆగిపోయిందని గమనించి లోపలికొచ్చేవాళ్ళు. మున్సిపల్ ఆఫీసు వాళ్ళు స్టాపును తీసుకెళ్ళి వీధి చివర మందుల షాపు ముందు పెట్టారు. ఇప్పుడు అందరూ తలనొప్పి మాత్రలు కొనుక్కుని బస్సెక్కుతున్నారు.

దీని మీద మీ బావ ఇప్పటికి పదిహేడు అర్జీలు పెట్టారు. ఒక్కదానికీ రసీదు లేదు. గుమాస్తా తలెత్తకుండా కాగితం తీసుకుని "సరే, వెళ్ళండి" అంటాడట. ఇంటికొచ్చి ఆ కోపమంతా పేపరు మీద చూపిస్తారు. స్కూల్లో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పిన గొంతు, రిటైరైనా తగ్గలేదు. వీధిలో ఆయన్ని "ఉరుము మాస్టారు" అంటున్నారని నీకు రాశానా? మొన్న మంగళవారం విద్యుత్ శాఖను నోటితోనే కూల్చేసి, టీ తాగి, ఓ కునుకు తీశారు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి.

అసలు కబురు. మేడ మీది గది అద్దెకిచ్చాను. వచ్చినాయనకి ముప్పై అయిదేళ్ళుంటాయి. మందుల కంపెనీ మనిషినన్నాడు. మీ బావ తలనొప్పి మాత్ర అడిగితే వీధి చివరికెళ్ళి కొనుక్కొచ్చాడు. కానీ మనిషి మంచివాడు, వింటాడు! మీ బావ మాట్లాడుతుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "తర్వాత, మాస్టారూ?" అంటాడు. నా పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మాట అన్నవాళ్ళని చూడలేదు.

నిన్న ఒక అలారం టైంపీసు తెచ్చాడు. "ఇది మోగకూడదండీ. మోగాల్సిన టైముకి రెండు తీగలు కలవాలి" అన్నాడు. నాన్న నేర్పినట్టే ముందు చీటీ రాశాను. వస్తువు, వచ్చిన స్థితి, ఏం కావాలో మనిషి నోటి మాటల్లోనే, ఎవరి కోసం, ఎందుకు. "తన కోసం. ఎందుకో చెప్పలేదు" అని రాసి సంతకం పెట్టమన్నాను. కాస్త తటపటాయించాడు. సంతకం లేనిదే మూత తియ్యనన్నాను. పెట్టాడు.

పాపం, చెవుడేమో. చెప్పుకోవడానికి మొహమాటం.

మీ బావ నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

అక్క


జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసుకొచ్చింది. ఇక్కడ నా బల్ల మీద ఇంకో 214 ఉత్తరాలున్నాయి. మా పేపర్లో పాఠకుల పేజీ నాదే కాబట్టి అన్నీ చదవాలి. అన్నీ ఒకే విషయం మీద. నువ్వూ చదివే ఉంటావు. పక్క నగరంలో ముగ్గుర్ని పట్టుకున్నారు, రైల్వే గిడ్డంగి పేల్చబోయారని. తీరా చూస్తే బాంబు ఇచ్చింది పోలీసుల మనిషే. అది ఉత్తుత్తి బాంబు. వ్యాను అతనిదే, పథకమూ అతనిదే.

109 మంది ప్రభుత్వం చేసింది సబబే అన్నారు. 97 మంది కాదన్నారు. ఎనిమిది మంది రెండు వైపులవాళ్ళనీ తిట్టారు. ఒక టైలరు రాశాడు: "బాంబు వాళ్ళది, బండి వాళ్ళది, బుర్ర వాళ్ళది. ఇక ఈ ముగ్గురిదీ ఏమిటి?" దానికి ఒక నర్సు జవాబు: "మీట నొక్కిన వేలు. అది నిజం బాంబైతే మా వార్డు నిండేది." నాకు నర్సు మాటే నచ్చింది. దురాశ లేని చేప గాలానికి చిక్కదు. మొన్న అదే రాశాను, నా పేరుతో వచ్చింది.

ఇక నీ అద్దెకున్నాయన సంగతి. మాత్ర లేని మందుల మనిషి. మోగని అలారం. రెండు తీగలు. అక్కా, నీకు చెవులే కాదు, ముక్కు కూడా పనిచెయ్యడం లేదా? ఇది చెవుడు కాదు. అతను నిజంగా బాంబులు పెట్టే రకమే. మా పేపర్లో రోజూ వేస్తున్నాం కదా, అనుమానితుల సమాచారం ఇవ్వాల్సిన నంబరు, దానికి ఫోన్ చేసి చెప్పేశాను. నీకు ఇబ్బంది రాదు.

ఈలోగా బావని కొంచెం నోరు తగ్గించమను. ఈ రోజుల్లో ఆఫీసులు కూల్చడం మాటల్లో కూడా మంచిది కాదు.

తమ్ముడు


జూన్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం చివరి ముక్క మీ బావకి చదివి వినిపించాను, నా తప్పే. "నోరు తగ్గించమను" దగ్గరికొచ్చేసరికి మీ బావ కుర్చీలోంచి లేచారు. "నీ తమ్ముడు పేపరువాడా, ప్రభుత్వం వాడా?" అన్నారు. "వాడికన్నా మేడ మీదాయన నయం, కనీసం వింటాడు" అని పైకెళ్ళిపోయారు. అప్పట్నుంచి సాయంత్రాలన్నీ మేడ మీదే. నీకు నమస్కారాలు చెప్పమనలేదు. నేనే చెప్తున్నాను.

నీ భయం తీరే మాట ఒకటి. టైంపీసు చేసిచ్చేశాను. గంట కొట్టే సుత్తి తీసేసి, తీగలు లాగి, చివర చిన్న బల్బు పెట్టాను. దిండు పక్కన పెట్టుకుంటే టైముకి కంట్లో వెలుగు పడుతుంది. చెవుడున్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? చేసి చూపిస్తే బల్బు వెలిగింది, ఆయన మొహం ఆరిపోయింది. "బల్బు అక్కర్లేదండీ" అన్నాడు. మొహమాటపడకు బాబూ అని చేతిలో పెట్టాను.

కొట్టుకి ఇంకో కొత్త ముఖం. వాచీ ఆగిపోతోందని తెచ్చాడు. చెవి దగ్గర పెట్టుకున్నాను, చేత్తో పట్టుకున్నాను, రెండు రోజులు ఉంచుకున్నాను. ఆగలేదు. "ఏ లోపమూ లేదు" అని చీటీ రాసి ఇచ్చేశాను. మర్నాడు మళ్ళీ తెచ్చాడు. నాలుగు సార్లైంది. వచ్చిన ప్రతిసారీ మీ బావ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంటాడు. మేడ మీదాయన కూడా దిగొస్తాడు. ఆగని వాచీ ఆయన "ఇక మాటలతో లాభం లేదు" అంటాడు. "నేనూ అదే అంటున్నా" అని మేడ మీదాయన. "అయితే ఏం చేద్దాం?" "మీరే చెప్పండి." "లేదు, ముందు మీరు." ఇద్దరూ ఒకర్నొకరు ఎగదోసుకుంటారు. మధ్యలో మీ బావకి ఉరమడానికి సందే దొరకడం లేదు. నిన్న ఆయనే "కాస్త నెమ్మదించండయ్యా" అన్నారంటే చూసుకో.

నీ గాలం మాటకి వస్తాను. నాన్న దగ్గర పనిచేసినతను గుర్తున్నాడా? నడుస్తున్న వాచీ మూత తీసి, లోపల ఒక మర వదులు చేసి, "చూశారా, పాడైంది" అని చూపించేవాడు. అది అబద్ధం కూడా కాదు, మర నిజంగానే వదులైంది. నాన్నకి తెలిసిన రోజే అతన్ని పంపేసి, చీటీ పుస్తకం కొన్నారు. "ఏ స్థితిలో వచ్చిందో ముందు రాయి, తర్వాత మూత తియ్యి." నీ 109 మందినీ ఒకటే అడుగు. ఆ ముగ్గురూ ఏ స్థితిలో వచ్చారో ఎవరైనా రాసిపెట్టారా? రాస్తే చూపించమను, ఒప్పుకుంటాను.

అక్క


జూన్ 19

అక్కా,

ఒకడు చాలక ఇద్దరా!

ఆగని వాచీ మనిషి రెండోవాడు. ఇలాంటివాళ్ళు విడివిడిగా వచ్చి ఒకచోట కలుస్తారని మొన్నే ఒక రిటైర్డు అధికారి మా పేజీకి రాశాడు. నేను మళ్ళీ ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఈసారి ఒకావిడ ఓపిగ్గా అంతా రాసుకుంది. బావ మీదకి రాకూడదని ముందే జాగ్రత్తపడ్డాను. "మా బావ ఉత్త నోటి మనిషండీ. ఆయన ఏదో అంటాడు, అది పట్టుకుని ఆ ఇద్దరూ ఏమైనా చేస్తారేమోనని నా భయం" అన్నాను. ఆవిడ చదివి వినిపించింది: "అంటే ఆయన చెప్తాడు, వాళ్ళిద్దరూ చేస్తారు. అంతేనా?" దాదాపు అంతే అన్నాను. చాలా మర్యాదగా థాంక్స్ చెప్పింది.

నాన్న చీటీ మాట బాగుంది కానీ మనుషులు వాచీలు కారక్కా. మనిషికి మూత ఉండదు. తీసుకోమని ఇస్తే వద్దనొచ్చు. వద్దనని వాణ్ణి ఏం చెయ్యమంటావు?

లెక్క ఇప్పుడు 340 దాటింది. ప్రభుత్వం వైపే ఇంకా మొగ్గు. బావకి నా మీద కోపం తగ్గిందా?

తమ్ముడు


జూన్ 27

తమ్ముడూ,

మీ బావని నిన్న పట్టుకెళ్ళారు. భయపడకు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున మేడ మీదాయన ఒక సంచి తెచ్చి, "మాస్టారూ, దీన్ని మున్సిపల్ ఆఫీసులో బెంచీ కింద పెట్టి వచ్చెయ్యండి. రేపట్నుంచి మీ మాట వింటారు" అన్నాడు. మీ బావ తీసుకున్నారు. నేను లోపల ఉన్నాను, చూడలేదు. ఎందుకు తీసుకున్నారని స్టేషన్లో కటకటాల ఇవతల నుంచి అడిగాను. "అంత నమ్మకంగా ఇస్తే కాదనలేకపోయానే" అన్నారు. అంటే ఏదో తేడా ఉందని బస్సెక్కే ముందే తెలుసన్నమాట. నీ దగ్గర దాచను.

బస్సులో సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుంటే టిక్కుటిక్కుమంది. తీసి చూశారు. తెల్లపొడి పొట్లం, దాని మీద టైంపీసు. వెనక మూత మీద నేను గీసే చీటీ నంబరు. దిగిపోయి ఎక్కడో పారేద్దామనుకున్నారట. "నీ నంబరుంది కదే, ఎవరికి దొరికినా నీ దగ్గరికొస్తారు" అన్నారు. అందుకని ఆయనకి చేతనైన ఒకే ఒక్క పని చేశారు. అర్జీ రాశారు.

"పద్దెనిమిదవ అర్జీ. దీనితో జతపరచిన సంచి నాది కాదు. మా మేడ మీద ఉండే ఆయన మీ బెంచీ కింద పెట్టమని ఇచ్చారు. పెట్టడం నాకిష్టం లేదు. తీసుకుని రసీదు ఇప్పించగలరు. బస్టాపు సంగతి కూడా చూడగలరు."

గుమాస్తా తలెత్తలేదు. "జతపరచినవి: సంచి ఒకటి" అని రిజిస్టర్లో ఎక్కించి, ముద్ర కొట్టి, రసీదు చింపిచ్చాడు. జతపరచినవి ఉంటే రసీదు ఇవ్వాలని రూలట. పదిహేడు సార్లూ ఈయన ఉత్త కాగితమే ఇచ్చారు!

ఆ రసీదు చేత్తో పట్టుకుని మురిసిపోతుండగా వాళ్ళిద్దరూ లోపలికి ఉరికారు. మేడ మీదాయన మీ బావ చెయ్యి పట్టుకున్నాడు. ఆగని వాచీ ఆయన మేడ మీదాయన కాలరు పట్టుకున్నాడు. "నేను డిపార్టుమెంటు!" అని ఒకడు, "నేనే డిపార్టుమెంటు!" అని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ మఫ్టీ పోలీసులే. రెండు వేరే డిపార్టుమెంట్లు. మొదటివాడి మీద ఎవరో ఫోన్ చేస్తే, వాడేం చేస్తున్నాడో చూడమని రెండోవాణ్ణి పంపారట. పొడి గోడలకు కొట్టే సున్నం.

నవ్వొస్తోంది కదూ? నాకూ వచ్చింది, ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచేవరకు. గడియారం చేయించమన్నది మీ బావేనని మేడ మీదాయన రాసిచ్చాడు. రసీదు చూపిస్తే, "అది కూడా పథకంలో భాగమే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అన్నిటికన్నా పైన ఇంకో కాగితం: "ఈయన చెప్తాడు, మిగిలిన ఇద్దరూ చేస్తారు. సమాచారం ఇచ్చినది: కుటుంబ సభ్యుడు." దాన్నిబట్టి మీ బావ సూత్రధారి. పదేళ్ళు పడొచ్చట.

ఆ కుటుంబ సభ్యుడెవరని నేను అడగను. నాకు తెలుసు. మీ బావకి ఇంకా తెలియదు.

మీ బావ కోసం పెట్టుకున్న లాయరు గారు చీటీ పుస్తకం పట్టుకెళ్ళారు. నువ్వు ఆ నంబరుకి ఏం చెప్పావో, ఆవిడ ఏమందో, నీ మాటల్లోనే వరసగా రాసి, సంతకం పెట్టి పంపు. సర్దకు. బాగా కనబడేలా దిద్దకు. ఏ స్థితిలో ఉందో అలా.

అక్క


జూలై 1

అక్కా,

నేనే. ఇంతకన్నా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

నువ్వడిగింది జతపరిచాను. మూడు పేజీలు. "దాదాపు అంతే" అన్న మాట కూడా ఉంది. ఆ "దాదాపు" ఆవిడ రాసుకోలేదు. రోజూ ఇతరుల ఉత్తరాల్లో మాటలు కత్తిరించేవాణ్ణి నేను, ఒక మాట తీసేస్తే ఏమవుతుందో నాకు తెలియకపోవడమేమిటి?

ఎడిటరుకి చూపించాను. "కోర్టుకిది ఇస్తే ఈ గొడవ తేలేదాకా పాఠకుల పేజీ నీ చేతిలో ఉంచలేను. పైగా నువ్వు నీ పేరుతో రాసినదానికి ఇది ఎదురు" అన్నాడు. రెండూ నిజమే. పేజీ ఇచ్చేశాను. ఇప్పుడు వాతావరణం, రైళ్ళ వేళలు చూస్తున్నాను.

నర్సు అన్నది ఇప్పటికీ తీసిపారెయ్యలేను అక్కా. మీట నొక్కడం నొక్కడమే. కానీ బావ నొక్కలేదు. నొక్కలేదన్న సంగతి ఆ ఫైల్లో రాయడానికి ఒక్క గడి కూడా లేదు.

నేను సాక్ష్యానికి రానా? బావ మొహం చూసే ధైర్యం లేదు, అయినా వస్తాను.

తమ్ముడు


జూలై 12

తమ్ముడూ,

మీ బావని వదిలేసి నాలుగు రోజులైంది. కేసు కొట్టేశారు. నువ్వు రానక్కర్లేకపోయింది, నీ మూడు పేజీలు వచ్చాయి చాలు.

జడ్జి గారు కళ్ళజోడున్నావిడ. చీటీ చదివారు. తేదీ జూన్ రెండు. "ఎవరి కోసం: తన కోసం." కింద మేడ మీదాయన సంతకం. సంచి చేతికివ్వడానికి ఇరవై నాలుగు రోజుల ముందు. "గడియారం మాస్టారు చేయించమన్నారని రాశారు. మరి ఇదేమిటి?" అని అడిగారు. మీ బావ సంచి పెట్టడం వద్దనుకున్నారనడానికి సాక్ష్యంగా గుమాస్తా చేత రిజిస్టరు తెప్పించారు. ఆ గుమాస్తా మొదటిసారి తలెత్తి మీ బావ మొహం చూశాడు. "ఓ, మీరా" అన్నాడు.

అప్పుడు ప్రభుత్వ లాయరు, ఆ టైంపీసు ప్రాణాంతకమైన పరికరం అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ఆడించి చూపిస్తానన్నాను. కీ ఇచ్చి, అలారం పదీ నలభైకి తిప్పి బల్ల మీద పెట్టాను. ప్రభుత్వ లాయరు రెండడుగులు వెనక్కి వేశాడు. పదీ నలభైకి బల్బు వెలిగింది. జడ్జి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నవ్వు ఆపుకోవడానికని నా అనుమానం.

నీ మూడు పేజీలు లాయరు గారు పైకి చదివారు. మీ బావ అప్పుడే విన్నారు. బయటికొచ్చాక ఒక్క మాటే అన్నారు: "వాడి రాత బాగుంది. అడ్డదిడ్డంగా లేదు." కోపమో కాదో నాకే తెలియలేదు.

ఇవాళ మేడ మీదాయన పెట్టె తీసుకోవడానికొచ్చాడు. తలుపు దగ్గర నసిగి, "ఆ టైంపీసు ఎప్పుడిస్తారండీ? నాకు నిజంగానే పొద్దున మెలకువ రాదు" అన్నాడు. కోర్టు నుంచి తిరిగొచ్చాక ఇస్తానని కొత్త పుస్తకంలో చీటీ రాశాను. ఈసారి తటపటాయించకుండా సంతకం పెట్టాడు.

బాధొకటే. మీ బావ మాట్లాడటం లేదు. అన్నం తింటారు, పేపరు తిప్పుతారు, మడిచి పెడతారు. కొట్లోకి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతి వంక చూస్తారు. నిన్న కరెంటు పోయి గంటైనా ఒక్క మాటనలేదు. అన్నేళ్ళు "కాస్త ఆపండి" అన్నదాన్ని, ఇప్పుడు కొట్లో గడియారాల చప్పుడు నాకే పెద్దగా వినిపిస్తోంది. ఆయన్ని విడిపించాం కానీ, వాళ్ళు పట్టుకెళ్ళిందంతా తిరిగి రాలేదురా.

అక్క


జూలై 17

అక్కా,

శనివారం వస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నర బస్సు. రైళ్ళ వేళలు చూసేవాడికి బస్సు వేళలు తెలియవు, ఆలస్యమైతే తిట్టకు.

బావ నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాను. "తర్వాత, బావా?" అంటాను. ఆ మాట మన ఇంట్లో బయటివాడు వచ్చి అనాల్సింది కాదు.

తమ్ముడు


జూలై 22

తమ్ముడూ,

ఈ ఉత్తరం నువ్వు బయల్దేరేలోగా చేరితే చదువుకుని రా, లేకపోతే వచ్చాక నేనే నోటితో చెప్తాను.

ఇవాళ పోస్టులో మీ బావ పేరున మున్సిపల్ ఆఫీసు కార్డు వచ్చింది. పదిహేడు అర్జీల తర్వాత మొదటి జవాబు. "మీరు సమర్పించిన సంచి అందినది. పరిశీలనలో ఉన్నది. తదుపరి చర్య కొరకు ఆరు వారాలలో సంప్రదించగలరు."

మీ బావ ఒకసారి చదివారు. తిప్పి చూశారు. మళ్ళీ చదివారు. మెడ ఎర్రబడటం మొదలైంది. ఆ ఎరుపు చూసి నెలైంది నేను.

"సంచి పరిశీలనలో ఉందట!" అన్నారు, మెల్లగా.

నేను కంటి అద్దం తీసి పక్కన పెట్టాను.

"పదిహేడు కాగితాలు ఇస్తే దిక్కు లేదు, సున్నం పొట్లం ఇస్తే పరిశీలిస్తున్నారట! ఈ ఆఫీసుని..." అని కుర్చీలోంచి లేచారు. ఠక్కున ఆగారు. మేడ వైపు చూశారు. గుమ్మం వైపు చూశారు. బల్ల దగ్గర వాచీ బెల్టు కోసం వచ్చిన ఆవిడ వైపు చూశారు. మళ్ళీ కూర్చోబోయారు.

నేను చీటీ పుస్తకం తెరిచి, కార్బన్ పెట్టాను. "ఉండండి" అన్నాను. పైకి చదువుతూ రాశాను. "వస్తువు: రిటైర్డు భూగోళం మాస్టారు. వచ్చిన స్థితి: ఆఫీసుల్ని పునాదులతో లేపెయ్యాలంటారు, మేకు కూడా కొట్టలేరు. ఎవరి కోసం: బస్టాపు కోసం. సాక్షి: భార్య." కింద సంతకం పెట్టాను. వాచీ బెల్టు ఆవిడ కూడా, అడక్కుండానే, పెన్ను తీసుకుని పెట్టింది.

"రాసేశాను" అన్నాను. "ఇక మూత తియ్యండి."

తీశారు. వీధి చివర మందుల షాపు దాకా వినపడిందట.

శనివారం నువ్వు దిగేది అక్కడే. అక్కణ్ణుంచి దారి అడగక్కర్లేదు, చప్పుడు పట్టుకుని వచ్చెయ్యి.

అక్క